టౌన్‌హాలు బురుజు మీద నేను చేయని ధర్నా

ఇంజనీరింగు పాసై కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, కంటపడ్డ ప్రతి గోడ మీదా తీర్పు చెప్పేదాన్ని. (మా వంటగది గోడ ఎక్కువకాలం నిలవదన్నందుకు అమ్మ ఆ పూట నాతో మాట్లాడలేదు.) అలాంటి నన్ను మా పెద్దసారు మా ఊళ్లోనే, మట్టెవాడ దగ్గరున్న పాత టౌన్‌హాలుకు పంపారు. దాన్ని కూలగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కట్టాలని పైవాళ్ల ఆలోచన. "పాతవడ్డది, పనికిరాదని రాసుకరా. జర జల్ది కావాలె" అన్నారాయన.

నేనూ అలాగే రాద్దామని లోపలికి అడుగుపెట్టి, నోరు తెరుచుకుని నిలబడిపోయాను. నిజాం కాలంలో ఒక అధికారి, విక్టోరియా రాణి నాటి ఇంగ్లండు హాళ్లను చూసొచ్చి మురిసిపోయి, అలాంటిదే ఇక్కడా కావాలని పట్టుబట్టి కట్టించాడట. నల్లరాతి గోడలు, నమస్కారం పెట్టిన చేతుల్లా కొసదేరిన కమానులు, నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా అంత పెద్ద కప్పునూ మోస్తున్న టేకు దూలాలు. రంగుటద్దాల కిటికీల్లోంచి దిగిన ఎండ నేల మీద ఎరుపూ నీలమూ పరిచింది. చెక్కింది మనవాళ్లే కాబట్టి, ఆ ఇంగ్లీషు కిటికీల చుట్టూ మా ఊరి పాతకోట తోరణాల మీదున్నట్టే హంసలు బారులు తీరాయి. పగుళ్ల కోసం వెతికితే రాయవలసినంతటిది ఒక్కటీ దొరకలేదు.

ఇక ఆగలేక, బ్యాగూ ఫోనూ కిందే వదిలేసి, ఇనుప మెట్ల మీదుగా గడియారం బురుజెక్కాను. పావురాలు కాపురముంటున్న పైగదిలోకి వెళ్లానో లేదో, గాలికి తలుపు ధడాలున పడి బిగుసుకుపోయింది. గుంజాను, తన్నాను, బతిమాలాను. కదల్లేదు. గడియారాన్ని ఎప్పుడో తీసేసిన చోట గుండ్రటి ఖాళీ ఉంటే, అందులోంచి తల బయటపెట్టి చేతులూపుతూ కేకలేశాను.

మన దగ్గర ఎత్తైన చోటికి ఎవరైనా ఎక్కి అరిస్తే దానికి ఒకటే అర్థం. ఎదురుగా హోటల్ నడిపే చాయ్‌మామ మొదట చూశాడు. "అరే, టౌన్‌హాలు కూలగొట్టొద్దని ఎవ్వలో పోరి బురుజెక్కింది! దుంకుతదేమో, ఉరుకుండ్రి!" అంతే, రోడ్డంతా జనం. నేను "తలుపు! తలుపు!" అని మొత్తుకుంటే వాళ్లకది "గెలుపు! గెలుపు!" అని వినబడింది. "గెలుపు మనదే!" అంటూ నినాదాలు మొదలుపెట్టారు.

ఎవరో ఫోన్ చేస్తే పెద్దసారు వచ్చారు. తల పైకెత్తి, ఉన్నది తన జూనియరేనని గుర్తుపట్టి, నెత్తి పట్టుకున్నారు. "నీకేం గావాల్నో దిగొచ్చి చెప్పమ్మా!"

చాయ్‌మామ చెయ్యెత్తి అందరి నోళ్లూ మూయించాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, మేమున్నం. సార్‌కు అక్కడినుంచే చెప్పు!"

తలుపు సంగతి ఒక్కటే చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కూడా కాలేదు. కానీ చేతుల కింద ఆ రాయి చల్లగా, నిబ్బరంగా తగిలింది. "సార్, నేను ధర్నాకు రాలే, తలుపు ఇరుకవట్టింది! గని ఈ బిల్డింగుకు ఏం కాలే సార్! కూలగొడితే ఇసొంటిది మళ్ల మనతోని కాదు!" అని గొంతు చించుకున్నాను. చప్పట్లు మోగిపోయాయి. (మొదటి వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చాయ్‌మామ ఈనాటికీ దాన్ని ధర్నా అనే చెబుతాడు.)

గడ్డపారతో తలుపు ఊడదీసి నన్ను కిందికి తెచ్చేసరికి, పెద్దసారు హాలు మధ్యలో నిలబడి దూలాలకేసి చూస్తున్నారు. తిడతారనుకున్నాను. "ఇన్నేండ్ల సంది ఈ తొవ్వల్నే పోతాన. ఒక్కనాడన్న లోపలికి రాలే" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మీదికెల్లి ఏం జెప్పినవో అదే రాయి. సంతకం నేను వెడత" అన్నారు. పైవాళ్లు కొంతకాలం గునిశారుగానీ, చివరికి హాలుకు మరమ్మతులే జరిగాయి.

ఇప్పుడు మీటింగుల్లో నేనే పెద్దమేడాన్ని. ఎవరేమడిగినా గొంతు సవరించుకుని, "పరిశీలిద్దాం" అంటాను. అలా అన్నప్పుడల్లా, జుట్టునిండా పావురాల ఈకలతో బజారంతా వినబడేలా అరిచిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.