వైరు పీకేశాక తెరుచుకున్న పేజీ

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ చిరాకు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. నేను చేసేది సర్వర్లు బాగుచేసే పని. వెబ్‌సైట్ తెరుచుకోకపోతే దానికో కారణం ఉంటుంది. దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఇప్పుడు చెప్పబోయేదాని కోసం నేను వెతికినంతగా ఎవరూ వెతికి ఉండరు.

నేను నంద్యాలలో ఒక అద్దె గదిలో ఉంటాను. అమ్మ పోయినప్పటి నుంచి ఒక్కదాన్నే. పనంతా కంప్యూటర్‌తోనే కాబట్టి కొన్ని రోజులు నా గొంతు నాకే వినబడదు. జాలి కోసం చెప్పడం లేదు. నేనెలాంటి మనిషినో తెలియాలని చెబుతున్నాను.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక షెడ్డు వాళ్లకు వెబ్‌సైట్ చేసిపెట్టింది నేనే. షెడ్డు అన్నదమ్ములది. అన్న పెద్దాచారి చనిపోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు చూసుకునేది తమ్ముడు చిన్నాచారి. సర్వర్ బయట అద్దెకు తీసుకుందామంటే ఆయన ఒప్పుకోలేదు. "మా బొమ్మలు ఎవురింట్లోనో ఎందుకుండాలమ్మా? ఈడే పెట్టు" అన్నాడు. అలా షెడ్డు వెనక గదిలో, రాతిపొడి మధ్యలో సర్వర్ పెట్టాం. అప్పుడప్పుడూ బస్సెక్కి వెళ్లి దాని దుమ్ము దులిపి రావడం నా పని.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. విగ్రహానికి అన్నీ చెక్కి కళ్లు మాత్రం చివరికి వదిలేస్తారు. కన్ను తెరవనంత వరకూ వాళ్లకది రాయే. దాని భుజానికి చొక్కా తగిలిస్తారు, ఒళ్లో టీ గ్లాసు పెడతారు. ముహూర్తం రోజు చెక్కే మనిషి ఒక్కడే తడిక వెనక్కి వెళ్లి కళ్లు తెరుస్తాడు. ముందు అద్దం చూపించి, వెంటనే గుడ్డ కప్పేస్తాడు. ఆ గుడ్డ తీసేది విగ్రహం చేరే ఊళ్లో, గుడి దగ్గరే. అందుకే మా సైట్‌లో ఉన్న ఫోటోలన్నీ కళ్లు లేని బొమ్మలవే.

అవుకు దగ్గర ఒక పల్లెలో పెద్దాచారి చెక్కిన అమ్మవారు ఉండేది. గుడి మరమ్మతుల్లో విగ్రహం పడి ముఖం ముక్కలైంది. ముక్కల్ని అవుకు రిజర్వాయర్ నీళ్లలో కలిపేసి, కొత్త విగ్రహం చేయమని చిన్నాచారి దగ్గరికి వచ్చారు. ముఖం మాత్రం పాతదే కావాలన్నారు. "మొగం మారితే ఆయమ్మ మాకేమైతాదప్పా? కొత్తామెకు మేమేం చెప్పుకుంటాం?" అని ఒక ముసలామె ఏడ్చేసిందట. గర్భగుడిలో ఎవరినీ ఫోటో తీయనివ్వరు. తీసినా పసుపు, వెండి కళ్లు తప్ప ఏమీ కనబడవు. చెక్కేటప్పుడు తీసిన ఫోటోగా, కళ్లు లేకపోయినా ఆ ముఖం మిగిలి ఉన్నది మా సర్వర్‌లోనే. చిన్నాచారి విగ్రహం ఒళ్లంతా చెక్కి, ముఖం ముద్దగా వదిలి, ఫోటో కోసం చూస్తే సైట్ తెరుచుకోలేదు. నాకు ఫోన్ చేశాడు.

వెళ్లి చూస్తే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పాడైంది. ఫోటోలన్నీ పక్కనున్న డిస్కులోకి కాపీ చేసి, పాతది తీసేసి మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాను. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది కదా అనుకునేలోపే అదీ కుయ్యిమని ఆగిపోయింది. చూస్తే దాని వెనక ప్లగ్గులో రాయిని నునుపు చేసే మిషను పెట్టి ఉంది. "కరెంటు పోయినా ఆడతాది కదా అని పెట్టినాం" అన్నాడు చిన్నాచారి, అందులో తప్పేముందన్నట్టు. నాకు తల బాదుకోవాలనిపించింది.

కరెంటు వచ్చింది, మిషను లేచింది, సైట్ లేవలేదు. పాత సాఫ్ట్‌వేర్ పోయింది, కొత్తది ఎక్కలేదు. ఫోటోల ఫోల్డర్ ఖాళీ. పక్కనున్న డిస్కూ చదవడం మానేసింది.

"దొరుకుతాదా లేదా, ఒకటే మాట చెప్పమ్మా" అన్నాడు.

"చూస్తున్నా అన్నా."

"ఆ మొగం లేకుంటే బొమ్మ నేనియ్యను. మా అన్న చేసిన ఆయమ్మకు ఇంకెవురిదో మొగం పెట్టలేను" అని బయటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అందరూ ఒక పెళ్లి భోజనానికి వెళ్లారు. మిషన్లు ఆగిపోయాయి. నన్నూ రమ్మన్నారు కానీ, ఆ ఖాళీ ఫోల్డర్‌ను వదిలి వెళ్లలేకపోయాను. తలుపులోంచి చూస్తే వరసగా కళ్లు లేని బొమ్మలు. భయం వేయలేదు. ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది, అంతే.

ఎన్నిసార్లు ఎక్కించినా సర్వర్ మొదలు కావడం లేదు. అడిగితే పేజీ పంపే ప్రోగ్రామే లేనప్పుడు అది ఎక్కడి నుంచి వస్తుంది? విసుగుతోనే ఫోన్‌లో సైట్ పేరు కొట్టాను.

పేజీ తెరుచుకుంది.

షెడ్డు పేరు లేదు, మిగతా బొమ్మలు లేవు. తెల్లటి పేజీలో ఒకే ఫోటో. అమ్మవారి ముఖం, కళ్లు తెరిచి ఉన్నాయి. వెనక ఏదో గోడ.

ఫోన్ పాత పేజీని దాచుకుని చూపిస్తోందేమో అనుకున్నాను. కానీ ఆ ఫోన్ కొత్తది, ఆ సైట్ అందులో ఎప్పుడూ తెరవలేదు. ఫోన్‌లో వస్తున్నది సిమ్ నెట్, సర్వర్ నుంచి ఏదైనా రావాలంటే దాని నెట్ వైరు మీదుగానే రావాలి. ఆ వైరు పీకి చేతిలో పట్టుకుని, పేజీ మళ్లీ తెరిచాను. మళ్లీ వచ్చింది. ఫోటో స్క్రీన్‌షాట్ తీశాను. మూడోసారి తెరిస్తే ఎర్రర్ వచ్చింది.

చిన్నాచారి తిరిగొచ్చాక ఫోన్ ఆయన చేతికిచ్చాను.

"ఎవురు తీసినారమ్మా ఇది?"

"తెలీదన్నా."

"ఇది మా అన్న తెరిసిన కన్నే. కుడికంటి కొస కిందికి దించేటోడు. ఆ గోడ మా తడిక ఎనకాల గోడ. ఆడికి మమ్మల్నెవుర్నీ రానిచ్చేటోడు కాదు." "ఆయప్పకు ఫోన్ పట్టుకోను గూడా రాదమ్మా" అన్నాడు.

తర్వాత ఆ ఫోన్‌తోనే రాతి మీద కూర్చుని, గుండెలకు అదుముకుని ఏడ్చాడు. ఆ ముఖాన్ని చూసే కొత్త విగ్రహం చెక్కాడు. గుడ్డ తీసిన రోజు ఆ ముసలామె అమ్మవారి గడ్డం పట్టుకుని "వచ్చినావా తల్లీ" అందట.

నేను డిస్కులు రెండూ నంద్యాలకు తెచ్చుకుని కిందామీదా పడ్డాను. కళ్లు లేని ఫోటోలు చాలావరకు దొరికాయి. కళ్లున్న ఫోటో మాత్రం ఎక్కడా లేదు, ఎప్పుడైనా ఉన్న గుర్తు కూడా లేదు. తెలిసినవాళ్లను అడిగాను. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. వైరు పీకిన సంగతి చెప్పగానే మాట మార్చారు.

ఒక ఆదివారం నా గదిలో పాత కంప్యూటర్ తీశాను. అమ్మ ఫోటోలు అందులోనే ఉండేవి, అది ఒకసారి పాడైనప్పుడు పోయాయి. దాంట్లో వెబ్ సర్వర్ ఎక్కిస్తూ సగంలో ప్లగ్గు పీకాను. మళ్లీ ఆన్ చేసి, నెట్ వైరు తీసేసి, ఫోన్‌లో దాని అడ్రస్ కొట్టాను. ఇదంతా పరీక్ష కోసమేనని నాకు నేనే చెప్పుకున్నాను.

ఎర్రర్ వచ్చింది. మళ్లీ కొట్టాను. సాయంత్రం దాకా కొడుతూనే ఉన్నాను. ప్రతిసారీ రావాల్సిన ఎర్రరే వచ్చింది.