పెట్టెకి అవతలి వైపు

మలబోన్‌లో మా సందు చివరి ఇల్లు పాసియానోది. మే నెల ఊరేగింపుల్లో రాణి వేషం వేసే పిల్లలంతా పాసి కుట్టిన గౌనులోనే నడవాలి. కొలతలు తీస్తూ తిట్టిపోసేవాడు. "పొట్ట అలా లోపలికి పీల్చకే, ఊరేగింపంతా ఊపిరి బిగబట్టే నడుస్తావా?" అనేవాడు. ఆ తిట్ల కోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు.

మొదట పాసి, అద్దెకి మోటారు ట్రైసికిల్ తోలే రుఫో ఆ ఇంట్లో కాపురం పెట్టారు. గౌన్లకి పూసలు కుట్టే పనికి లిగాయా వచ్చి వెనక గదిలో అద్దెకి దిగింది. కొన్నాళ్లకి అచ్చం రుఫో ముక్కుతో టింటిన్ పుట్టింది. పాసి ఆ పిల్లనీ తల్లినీ గెంటేస్తాడని సందంతా ఎదురుచూసింది. ఎవరూ ఎక్కడికీ పోలేదు. పాసి చాలా రోజులు రుఫోతోనూ లిగాయాతోనూ మాట మానేశాడు. ఒక మధ్యాహ్నం పసిదాని ఏడుపు వినలేక విసుక్కుంటూ ఎత్తుకున్నాడు. మళ్లీ దింపితే ఒట్టు.

నా కొట్టు దగ్గర ఒకావిడ, "ఏం లిగాయా, మీ సవతి కులాసానా?" అని వెక్కిరించింది.

"కులాసాయే. గౌన్లు కుడుతుంది, వంట చేస్తుంది, పిల్లకి నీళ్లు పోస్తుంది. మీ ఆయన వీటిలో ఏం చేస్తాడు?" అని లిగాయా ఉప్పు పొట్లం తీసుకుని వెళ్లిపోయింది.

పోయిన వానాకాలం రుఫో బండి మీదే గుండె పట్టుకుని కూలిపోయాడు. కుట్టుమిషన్లు పక్కకి జరిపి ముందు గదిలోనే శవపేటిక పెట్టారు. వచ్చినవాళ్లకి పాసి అల్లం టీ పోశాడు, శవజాగారానికి మూల పేకాడేవాళ్లు కొట్టుకోకుండా చూశాడు. ఇంతలో సమార్ దీవి నుంచి రుఫో అన్న అర్సేనియో దిగాడు, పెట్టె మోయడానికి మనుషుల్ని కూడా వెంటబెట్టుకుని.

"ఈ ఆడంగి పెత్తనమేంటి ఇక్కడ? పెట్టె పక్కన ఇంటివాళ్లుంటారు. బట్టలు కుట్టేవాళ్లు గుమ్మం దగ్గరుంటారు," అన్నాడు.

పాసి వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. "ఇల్లు నీది కదరా," అన్నాను.

"రుఫో ముందు రచ్చ చెయ్యను పిన్నీ," అన్నాడు.

సాగనంపే రోజు పొద్దున, చావు పీడ తగలకుండా టింటిన్‌కి ఎర్రగౌను తొడిగారు. పెట్టె గడప దాటేముందు చిన్నపిల్లల్ని దాని మీదుగా ఇటునుంచి అటు అందిస్తాం. పోయినవాళ్లు బెంగపడి పిల్లల కోసం తిరిగి రాకూడదని. ఇచ్చే చేతులూ అందుకునే చేతులూ ఆ ఇంటివే కావాలి. లిగాయా పిల్లనెత్తుకుని ఒక పక్క నిలబడింది. రెండో పక్కకి అర్సేనియో వచ్చి చేతులు చాచాడు.

లిగాయా పిల్లని ఇవ్వలేదు.

"తప్పుకోండి బావగారూ. అది మీ చోటు కాదు. పాసీ, రా."

"వాడు పెట్టె దగ్గరికొస్తే నా మనుషుల్ని తీసుకుని ఇప్పుడే పోతాను. ఎవరు మోస్తారో చూస్తా," అన్నాడు అర్సేనియో.

పాసి తల ఎత్తలేదు. లిగాయా పిల్లని ఇంకో భుజం మీదకి మార్చుకుంది.

"నువ్వు రాకపోతే దీన్ని దాటించను పాసీ. రుఫో రోజూ వచ్చి పలకరించుకోనీ. నాకేం భయం లేదు."

"నీకెందుకు భయం? నువ్వు మొద్దులా నిద్రపోతావు," అంటూ లేచాడు పాసి. "పిల్ల ఉలిక్కిపడితే జోకొట్టేది నేను."

వచ్చి అర్సేనియో ముందు నిలబడ్డాడు. "గుమ్మం దగ్గర చోటు ఖాళీ అయింది బావగారూ. కూర్చుంటారా?"

పేక మూలలో ఎవరో కిసుక్కుమన్నారు. అర్సేనియో చేతులు దించాడు. లిగాయా పెట్టె మీదుగా పిల్లని అందించింది, పాసి అందుకుని గుండెకి అదుముకున్నాడు. అర్సేనియో అన్న మాట ప్రకారం మనుషుల్ని తీసుకుని వెళ్లిపోయాడు.

బయట నిలబడ్డ ట్రైసికిల్ వాళ్లు సిగరెట్లు పారేసి లోపలికొచ్చారు. ఒకరు తక్కువయ్యారు. పాసి పిల్లని తల్లికిచ్చి చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఇంటివాళ్లు మొయ్యకూడదు నాయనా," అంది ప్రార్థనలు చదివే ముసలావిడ.

"ఇందాకటిదాకా ఇంటివాణ్ణి కాదన్నారు, ఇప్పుడేమో అవునంటున్నారు. ఏదో ఒకటి మీలో మీరు తేల్చుకోండి అవ్వా," అని పాసి ముందు పిడి పట్టుకున్నాడు. "ఈలోపు మేం బయల్దేరతాం."