నిమిషానికోసారి సేవ్

పెన్‌డ్రైవ్‌లోకి ఇక రాయడం కుదరదని లాప్‌టాప్ తెర మీద కనిపించింది. గిద్దలూరు బస్టాండులో మార్కాపురం బస్సు కోసం ఎదురుచూస్తూ, టీచరు పరీక్షకు రెండేళ్లుగా రాసుకుంటున్న నోట్సు అప్పుడే తెరిచాను. లాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ ఎప్పుడో పోయింది. లాప్‌టాప్‌ను నడిపే లినక్స్, నోట్సు అన్నీ ఆ పెన్‌డ్రైవ్‌లోనే. ఇంకో కాపీ లేదు.

పక్కన బురఖాలో కూర్చున్న ఆమె తొంగి చూసింది. "ఏందక్కా, అట్ల అయిపోయినావు?"

"మా పెద్దపాప ఊరికే ఈ పెన్‌డ్రైవ్‌ను పీకుతాంది. మొన్న రెండు దెబ్బలు తగిలించినా. అయినా పాడుచేసింది."

ఆమె లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని సెట్టింగులు చూసింది. "పాప కాదక్కా. దీంట్లో ఉండేది చదివితే పెన్‌డ్రైవ్ అరగదు, దీంట్లోకి రాస్తేనే అరుగుతాది. నిమిషానికోసారి సేవ్ కమ్మని పెట్టిందెవరు?"

నేనే. రాసింది ఎక్కడ పోతుందోనన్న భయంతో.

"బ్రౌజరు చెత్తంతా కూడా దీంట్లోకే రాస్తాంది. కొత్త పెన్‌డ్రైవ్ కొన్నాక ఆ చెత్తను ర్యామ్‌లోకి మళ్లించు, ర్యామ్ చాలనప్పుడు దీంట్లోకి రాసే స్వాప్‌ను ఆపేయ్. రాయడం ఆపినప్పుడు సేవ్ చేస్కో, చాలు."

చదవడానికైతే పెన్‌డ్రైవ్ ఇంకా పనిచేస్తోంది. నా ఫోనుకు కేబుల్ తగిలించి నోట్సంతా అందులోకి ఎక్కించింది. లాప్‌టాప్ తిరిగిస్తూ నవ్వింది. "ఇప్పుడు ఆ రెండూ నీకెవరు తగిలియ్యాల?"

నాకు నవ్వు రాలేదు. కొమరోలు బస్సు రాగానే ఆమె లేచి వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు.

మర్నాడు పొద్దున జడలు వేస్తూ పిల్లలిద్దరికీ చెప్పాను: "పెన్‌డ్రైవ్ పాడుచేసింది అక్క కాదు, నేను. తప్పు నాదైతే దెబ్బలు దానికి పడినాయి."