చిరిగిన రేకులు

మా అత్తగారు నలభై ఏళ్లుగా పూతరేకులు తీస్తున్నారు. పోయిన వేసవిలో ఆవిడకు గుండెదడ మొదలైంది, మనిషి సగమయ్యారు. పొయ్యి వేడికేనని నేను తేల్చిపారేశాను. రావులపాలెంలో డాక్టరుగారు ఈసీజీ చూసి, గుండె లయ తప్పిందని మందులు రాయబోయారు.

"గుండె ఒక్కటే కాదండి. చెయ్యి వణికి, కుండ మీద రేకు తీస్తుంటేనే చిరిగిపోతోందండి. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా లేదు," అన్నారు మా అత్తగారు.

ఆయన కలం పక్కన పెట్టి, ఆవిడ చేతులు చాపించి చూసి, మెడ తడిమి, థైరాయిడ్ పరీక్ష చేయించారు. అది అతిగా పనిచేస్తూ గుండెను పరుగెత్తిస్తోందట.

తన జబ్బు తీగ ఆవిడే పట్టుకున్నారు. ఆ చిరిగిన రేకుల్ని నెలరోజులు బెల్లం వేసుకుని కమ్మగా తిన్నది మాత్రం నేనే.