కాటా వేసిన పెట్టెలు

సెలవులకని భార్యనూ కూతురినీ తీసుకొని అమెరికా నుంచి మదనపల్లె వచ్చాను. కొత్త వీసా ముద్ర కోసం చెన్నైలో ఇచ్చిన పాస్‌పోర్టు తిరిగి రాలేదు. నెలాఖరు దాకా చూస్తామని, ఆపైన ఉద్యోగం ఇంకొకరికిస్తామని అక్కడి ఆఫీసువాళ్లు చెప్పేశారు.

విమానంలో బరువు మించకూడదని టమోటా మండీలో కాటా వేయించిన మా పెట్టెలు తాళాలతో హాల్లో కాచుకొని ఉన్నాయి. వాటికంటే బరువుగా నేను.

పుంగనూరు మేనత్త మళ్ళీ వచ్చి, "యెప్పుడప్పా పోయేది? టాటా చెప్పేదానికి ఎన్నిసార్లు రావల్ల?" అంది.

"కాటా అయిందత్తా, టాటానే మిగిలుండాది" అన్నాను.

నెలాఖరు రోజు మా ఆవిడ అన్నంలోకి ఉసిరికాయ ఊరగాయ వేసింది. అమెరికాకని పెట్టె అడుగున తనే సర్దిన ఊరగాయ అది. తాళం తీసిన చప్పుడు నాకు వినబడలేదు.

"బాగుండాదా?" అనడిగింది.

"ఉప్పు సరిపోయింది" అన్నాను, తలెత్తకుండా.