కాదన్నా మీ మిషన్ మీదే

డయాలసిస్ వార్డు తలుపు తీయగానే ముందు ముక్కుకు తగిలేది ఫిల్టర్లు కడిగే రసాయనపు పుల్లటి ఘాటు. పాడైన పచ్చడి జాడీకి మూత తీసినట్టు ఉంటుంది. నిన్న గుంటూరులో ఒక ఆసుపత్రికి కొత్త మందు ప్రయోగం పని మీద వెళ్ళి, ఆ వాసనకు గుమ్మంలోనే ఆగిపోయాను. వెనక వస్తున్న నర్సు "ఏమైందండీ?" అంది. ఏమీ కాలేదు, రాజ్యలక్ష్మి గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి కొన్నేళ్ళయినా, గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసు ఒకచోట నిలవదు.

ఒంగోలులో నేను మొదట చేరిన ఆసుపత్రిలో ఆవిడ కిడ్నీ డాక్టరు. కొత్త మందుల పరీక్షకు తగిన రోగులను వెతకడం, విషయం చెప్పడం, సంతకం తీసుకోవడం నా పని. ఆవిడ పొట్టి మనిషి. ఫ్యాను కింద కూడా చెమటలు పట్టేంత తొందర. కోపమొస్తే అరిచేవారు కాదు, "మీరు" అనడం మొదలుపెట్టేవారు. "ఏమ్మా" అంటే ఆ రోజు నాకు మంచిరోజు, "మీరు" అంటే ఇక నా పని అయినట్టే.

అప్పుడు మా దగ్గరికొచ్చిన మందు దురదకు. కిడ్నీలు పోయినవాళ్ళకు దురద ఎలాంటిదో చూస్తే గానీ తెలియదు. అద్దంకి దగ్గరి పల్లెనుంచి బస్సులో వచ్చే మిరప రైతు కోటయ్య గారు తువ్వాలులో బీరపీచు చుట్టి తెచ్చుకునేవారు. రక్తం శుద్ధి చేసే డయాలసిస్ మిషన్ మీద పడుకుని, సూదులు లేని చేత్తో వీపూ మెడా గీరుకుంటూనే ఉండేవారు. ఆయన చొక్కాలన్నిటికీ లోపల రక్తపు మరకలేనని ఆయన భార్య నాతో చెప్పింది. అందుకే ఆ మందు గురించి ముందు ఆయన దగ్గరికే వెళ్ళాను. నేను చెప్పడం సగంలో ఉండగానే ఆయన చెయ్యి చాపారు.

"ఇటివ్వమ్మా. ఎక్కడ పెట్టమంటావు సంతకం?"

పెన్ను అందించబోయాను. వెనకనుంచి రాజ్యలక్ష్మి గారి చెయ్యి వచ్చి దాన్ని లాగేసుకుంది. "ఇవాళ వద్దు కోటయ్య గారూ. మిషన్ లేని రోజు రండి, తీరిగ్గా మాట్లాడుకుందాం." తన గదిలోకి వెళ్ళాక నావైపు తిరిగారు. "ఆయన రక్తం మన గొట్టాల్లో తిరుగుతోంది. జుట్టు మన చేతిలో పెట్టినవాణ్ణి అడిగితే కాదంటాడా? మీరైతే అంటారా?"

"మీరు" అన్నారు కాబట్టి నోరు మూసుకున్నాను గానీ, ఒప్పుకోలేదు. ఆయనకు దురద ఉంది, మా దగ్గర మందు ఉంది. సగం మందికే అసలు మందనీ, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలనీ, ఎవరికేది వస్తుందో మాకూ తెలియదనీ చెప్పబోతూనే ఉన్నాను కదా. ఇంక మిషన్ ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అనిపించింది.

ఆ వారమే మందు కంపెనీ మనిషి వార్డు చూడడానికి వచ్చాడు. రోగుల్ని చూడబోయేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళకూడదని మనవాళ్ళకు ఒక మర్యాద. పాపం అతనూ ఆ మర్యాద తప్పలేదు, గెల అరటిపళ్ళు తెచ్చి మంచం మంచానికీ పంచాడు. అందులోని పొటాషియం వల్ల డయాలసిస్ వాళ్ళకు అరటిపండు గుండెకే ముప్పు. నర్సులు ఒక్కొక్కరి చేతిలోంచీ పళ్ళు లాక్కుంటూ పరుగులు పెడుతుంటే రాజ్యలక్ష్మి గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి ఆగిపోయారు.

"చూశావా? అది తినకూడదని వీళ్ళందరికీ తెలుసు. నేనే ఎన్నిసార్లో చెప్పాను. ఒక్కరైనా వద్దన్నారా?"

ఎవరూ అనలేదు. ఇచ్చింది పెద్దమనిషి, వద్దంటే ఏం బాగుంటుందని మొహమాటం. కోటయ్య గారైతే తొక్క కూడా వలిచారు. వలిచిన పండు పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక నావైపు చూస్తున్నారు. ఆ చూపుతో నా వాదన సగం పడిపోయింది.

మిషన్ లేని రోజు ఆయన రాలేదు. మిరపకాయలు కల్లంలో ఉన్నాయి, మబ్బు పట్టింది, ఎలా వస్తారు? "పద, మనమే వెళ్దాం" అన్నారు ఆవిడ. కారు దిగగానే ఇద్దరికీ ఒకటే తుమ్ములు. వార్డులో మాకు తెలిసిన కోటయ్య గారు అక్కడ లేరు. కల్లం మధ్య నిలబడి "ఒరేయ్, పట్టాలు కప్పండ్రా ముందు, తర్వాత చూసుకోవచ్చు కబుర్లు" అని కేకలేస్తున్న ఆసామి ఉన్నాడు. మమ్మల్ని చూసి మంచం వాల్చి, మజ్జిగ తెమ్మని ఇంట్లోకి కేకేశారు. "ముందు మాట, తర్వాత మజ్జిగ" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

వార్డులో ఒక్క ప్రశ్న అడగని మనిషి అక్కడ వరసగా అడిగారు. ఉత్తుత్తి మాత్ర నాకొస్తే? మధ్యలో మానేస్తానంటే? దానివల్ల ఇంకేమన్నా అయితే?

"తల తిరగొచ్చు, మత్తుగా ఉండొచ్చు. మాకు ఇంకా తెలియనివి కూడా ఉండొచ్చు" అన్నారు ఆవిడ.

ఆయన కాసేపు మెడ గీరుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "నేను కాదంటే నా మిషన్ ఇంకొకళ్ళకి ఇస్తారా అమ్మగారూ?"

"ఇవ్వం. మీరు కాదన్నా మీ మిషన్ మీదే."

"అయితే వద్దులెండి" అన్నారు కోటయ్య గారు. ఇంట్లోంచి వచ్చిన మజ్జిగ గ్లాసులు ఆయనే మా చేతికందించారు. తాను మాత్రం తాగలేదు, ఆయనకు గుక్కెడు నీళ్ళకు కూడా లెక్కే.

మిగతా రోగుల్నీ అలాగే, మిషన్ లేని రోజునే అడిగాం. చాలామంది వద్దన్నారు. కావలసినంతమంది దొరక్క ప్రయోగం మా దగ్గర ఆగిపోయింది. యాజమాన్యం ఆవిడతో ముభావంగా ఉండడం మొదలుపెట్టింది. కోటయ్య గారు గీరుకుంటూనే ఉన్నారు. మరుసటి ఎండాకాలం గుండె ఆగి పోయారు. "ఆఖరి రోజు కూడా ఆ బీరపీచు వదల్లేదమ్మా" అని ఆయన భార్య చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. తిన్నగా రాజ్యలక్ష్మి గారి గదికి వెళ్ళాను.

"ఆ మందు ఆయనకు పనిచేసి ఉంటేనో?"

"చేసి ఉండొచ్చు."

"అంతేనా మేడమ్?"

"అంతేనమ్మా. నాకూ నిద్ర పట్టడం లేదు." కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఆ రోజు మిషన్ మీదే సంతకం తీసుకుని ఉంటే హాయిగా పట్టేదేమో. అలా హాయిగా పట్టే నిద్రంటేనే నాకు భయం."

ఆ జవాబు నాకు అప్పుడు చాల్లేదు. ఇప్పుడూ చాలదు. కోటయ్య గారు వద్దన్నది సరైనదో కాదో నాకు తెలియదు, ఆ వద్దు మాత్రం ఆయనదే.

నిన్న గుంటూరు వార్డులో, సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే ఒకావిడ మిషన్ మీదనుంచే నన్ను పిలిచింది. "సంతకం పెట్టాలంటగా? ఇటివ్వమ్మా, పెట్టేస్తాను." పెన్ను సంచిలో వేసేసి, "ఇవాళ వద్దమ్మా, రేపు మీ ఇంటికొచ్చి మాట్లాడతాను" అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఎందుకమ్మా? నన్ను మిషన్ నుంచి తీసేస్తున్నారా?"

మంచం పక్కన కూర్చున్నాను. మందు పేరు చెప్పలేదు, కంపెనీ సంగతి ఎత్తలేదు. మీరు కాదన్నా మీ మిషన్ మీదేనమ్మా అని ముందు ఆ ఒక్క మాటే చెప్పాను. ఆవిడ తల ఊపింది, నమ్మినట్టు మాత్రం లేదు. ఇవాళ వాళ్ళ ఇంటి అరుగు మీద మళ్ళీ చెప్పాలి.