పొల్లు మరిచిన అక్షరాలు

విద్యావతికి పిల్లలకు చదువు చెప్పడమంటే ప్రాణం. ఒంగోలులో ఒకటో తరగతి చెప్పినప్పుడు ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినపడేదట. పరాయి దేశం వచ్చాక, క్రెయిగీబర్న్ ఊరవతల ఓ ఇంగ్లీషు బడిలో ఆ గొంతు తగ్గించుకుని టీచరుకు సహాయకురాలిగా చేరింది. పేదవాళ్ల పిల్లల బడి అది. పొద్దున్నే ఆకలితో వస్తే అక్కడే రొట్టె పెడతారు.

టేలా ఆ బడి పిల్లే. ఆరేళ్లుంటాయి. తల్లికి గోడౌనులో నైట్ డ్యూటీ, ఇంట్లో పుస్తకమన్నదే లేదు. బొమ్మలు చూసి నోటికొచ్చిన కథ చెప్పేస్తుంది తప్ప ఒక్క మాట చదవలేదు. ఈసారి పరీక్షలోనూ చదవకపోతే ఇక అందుకోలేదని క్లాసు టీచర్ డాసన్ తేల్చేసింది.

విద్యావతి పట్టుబట్టింది. రోజూ పక్కన కూచోబెట్టుకుని ఇంగ్లీషు అక్షరాల శబ్దాలు పలికించింది. తెలుగులో త, ల అంటే తల. అక్షరాలొస్తే మాట అదే వస్తుందని ఆవిడ నమ్మకం. టేలా ఆవిడ నోట్లోకే చూస్తూ అచ్చం అలాగే పలికేది. తనకు చదవడం వచ్చేసిందని తల్లికి కూడా చెప్పుకుందట.

"వీకెండ్ కూడా ఆ పిల్ల గోలేనా? ఎందుకే అంత టెన్షను?" అన్నాడు మొగుడు భానుప్రసాద్.

"ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడొస్తుందండీ దానికి?"

పరీక్షలో డాసన్ మొదటి కార్డు చూపించింది. సన్.

"స... అ... న," అంది టేలా ధీమాగా. కలపమంటే, "సఅన."

తర్వాత బెడ్. "బ... ఎ... డ. బఎడ."

ప్రతిసారీ విద్యావతి వైపు తిరిగి నవ్వుతోంది. డాసన్ కూడా ఆవిడనే చూసింది. "అలా ఎవరు నేర్పారు?" అని మెల్లిగానే అడిగింది.

విద్యావతికి అప్పుడు తట్టింది. స కాదు, స్. న కాదు, న్. పలక మీద దిద్దిన పొల్లు! ఛీ, ఆ పాటి తోచలేదే తనకు. పొల్లు పెట్టాల్సిన చోట పెట్టక పిల్ల కష్టమంతా పొల్లు చేసింది.

వచ్చే టర్మ్ నుంచి టేలాని ఇంకొకరు చూస్తారంది డాసన్. ఈ ఒక్క మధ్యాహ్నం ఇవ్వమని విద్యావతి బతిమాలుకుంది.

"ఇదిగో, టైరులో గాలి పోయినట్టు అనాలి. స్‌స్‌స్."

"నో. అది స," అంది టేలా.

"కాదు తల్లీ. నేనే తప్పు చెప్పాను."

"అన్నీ రాంగేనా మిస్? నేను నేర్చుకున్నవన్నీ?"

ఎంత అబద్ధమాడాలనిపించిందో ఆవిడకు. అయినా అవునని తలూపింది.

టేలా కార్డులన్నీ సర్ది ఆవిడ ఒళ్లో పెట్టేసింది. "అయితే నాకు చదవడం రాదు," అంది. లేచి వెళ్లి బొమ్మల పుస్తకం తెరిచి, నోటికొచ్చిన కథ మొదలుపెట్టింది.